తూట్లు తక్కువున్న కార్డు

ముందుగా ఒక మాట. నేను నలభై ఆరేళ్ళకు అక్షరాలు దిద్దిన మనిషిని. ఒత్తుల దగ్గర, దీర్ఘాల దగ్గర నా చెయ్యి ఇంకా తడబడుతుంది. ఇందులో తప్పులు దొర్లితే మీరే సరిచేసుకొని చదవండి. ఒక్క పేజీ రాయడానికి నాకు ఒక పూట పడుతుంది, అందుకని కథ కూడా నా చేతి నడకనే నడుస్తుంది, విసుక్కోకండి. 'నేను' అని రెండుసార్లు మొదలుపెట్టాను, రెండుసార్లూ కలం ఆగిపోయింది. 'ఆమె' అని రాస్తే కాస్త సాగింది. కాబట్టి ఆమె అనే రాస్తున్నాను.

జనగామలో బావుల సర్వే ఆఫీసు. పెద్దసారు గది తలుపు పక్కన స్టూలు, స్టూలు మీద అటెండరు రాజమణి. గోడ గడియారంలో పదకొండు. పన్నెండింటికి లోపలి నుంచి గంట మోగుతుంది, అప్పుడు ఆమె లేచి హాల్లోకి పోయి కార్డులు కొట్టే పిల్ల మోతీని పిలుచుకురావాలి. ఎందుకు పిలుస్తున్నారో ఆఫీసులో అందరికీ తెలుసు, మోతీకీ తెలుసు. మార్చి నెలాఖరుకు ఇంకా నాలుగే రోజులు, ఆ నాలుగో రోజున మోతీ నౌకరీ పొడిగిస్తారా, ఇంటికి పొమ్మంటారా అనేది ఈ పన్నెండు గంటల మాట మీద ఉంది. మోతీ ఏ తప్పూ చెయ్యలేదని తెలిసిన మనిషి ఈ ఆఫీసు మొత్తానికి ఒక్కతే, ఆ ఒక్కతీ ఈ స్టూలు మీదే కూర్చుంది, ఆమె నడుము దగ్గర చీర మడతలో ఒక కార్డు ఉంది, ఊపిరి పీల్చినప్పుడల్లా దాని అంచు పొట్టకు గీసుకుంటోంది. గీసుకోనీ. ఇంకా గంట ఉంది. గంటలో ఎన్నిసార్లు లేవొచ్చు, ఎన్నిసార్లు తలుపు తొయ్యొచ్చు, సార్, గిది నా దగ్గరున్నది అనడానికి ఎంతసేపు పడుతుంది, ఒక గుక్క మంచినీళ్ళు తాగినంతసేపు. ఆమె లేవలేదు. చీర కొంగు సర్దుకుని మళ్ళీ కూర్చుంది.

హాల్లో నాలుగు మిషన్లు, ఇవాళ మూడే మోగుతున్నాయి. వినీ వినీ ఏ చప్పుడు ఏ అమ్మాయి చేతిదో ఆమె కళ్ళు మూసుకుని చెప్పగలదు. ఊర్మిళ చెయ్యి బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఆగి ఆగి నడుస్తుంది. మోతీ చెయ్యి అట్లా కాదు, ఎండిన చింతగింజలు ఒక్కసారే ఇత్తడి పళ్ళెంలో పోసినట్టు ఉంటుంది. ఆ చింతగింజల చప్పుడు ఇవాళ లేదు. లేని చప్పుడు ఉన్న మూడింటికంటే గట్టిగా వినిపిస్తోంది. మోతీ గూడూరు అవతలి తండా పిల్ల, తల్లి గంగి మిరప చేలల్లో కూలికి పోతుంది, ఆ తండాలో మిషను ముందు కూర్చున్న మొదటి ఆడపిల్ల. చేరిన కొత్తలో ఊర్మిళ ఒకరోజు అందరూ వినేటట్టు అంది, "మోతీ, జర మెల్లగ గొట్టు తల్లీ, మీ తండాల పిట్టలను తరుముతున్నవా ఏంది?" మోతీ తలెత్తకుండానే, "పిట్టలు మీ దిక్కే ఎక్కువున్నయక్కా, రోజంత కిచకిచమంటయి" అంది. హాలంతా నవ్వింది. రాజమణి కూడా టీ గ్లాసులు పట్టుకుని నవ్వింది. ఆ నోరు రెండు రోజులుగా లేదు.

కార్డు అంటే రేషను కార్డు కాదు. జానెడు పొడుగున, ఒక మూల కత్తిరించిన సన్నటి అట్టముక్క. అమ్మాయి మీట నొక్కితే దాంట్లో తూటు పడుతుంది, పైన చిన్నగా అక్షరమూ పడుతుంది. తూట్లను పట్నంలో ఉన్న కంప్యూటరు చదువుకుంటుంది. ఒక్కో కార్డు ఒక్కో మాట. ఏ ఊళ్ళో ఎంతమంది, నీళ్ళకు ఎంత దూరం పోతున్నారు, ఏ ఊరికి ముందు బోరు వెయ్యాలి, అది ఎట్లా తేల్చాలి అని రాంచందర్ సారు కాగితాల మీద వరుసగా రాస్తాడు, కంప్యూటరుకు చెప్పాల్సిన పని అది. అమ్మాయిలు దాన్ని కార్డుల మీదికి ఎక్కిస్తారు. ఈసారి ఎక్కించింది మోతీ, నాలుగు వందల పన్నెండు కార్డులు, తనే లెక్కపెట్టి సంతకం చేసింది. కట్ట కట్టి రేకు పెట్టెలో పెట్టి పొద్దుటి ప్యాసింజరుకు పట్నం పంపారు. అక్కడి మిషను మీద వీళ్ళ వంతు పదిహేను రోజులకొకసారి వస్తుంది. పని కుదిరితే ఊళ్ళ జాబితా వస్తుంది, కుదరకపోతే తప్పుల జాబితా వస్తుంది. మొన్న మధ్యాహ్నం తప్పుల జాబితా వచ్చింది. మడతలు మడతలుగా, రెండంచులా తూట్లతో, పచ్చచారల కాగితం. బల్ల మీద పెట్టి లాగితే నేల మీదికి జారింది, జారి ఇంకా జారింది.

ఎనభై మూడు తప్పులు. ఎవరో గట్టిగా చదివారు ఆ అంకె. మోతీ ముఖంలో నెత్తురు లేదు. మరో వంతు కోసం ఆగితే మార్చి దాటిపోతుంది, మార్చి దాటితే బోరు బండి వేరే జిల్లాకు పోతుంది, మళ్ళీ వానలప్పుడే రాక. పెద్దసారు గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. రాంచందర్ సారు మాత్రం నేల మీద గొంతుక్కూర్చుని కాగితం మొదటికి లాగాడు. నర్సింహులపేట మనిషి, చదువెంత ఉన్నా మాటలో పొలం వాసన పోలేదు. "పరేషాన్ గాకు మోతీ," అన్నాడు. "ఎనభై మూడును జూసి బెదరొద్దు. కింది నుంచి జదివితే పిచ్చెక్కుతది. మొదటి తప్పును జూడు. ఏమంటున్నది? 'ఊరి పేరు' అని రాసిన్రు, గదేందో నాకు తెల్వదు అంటున్నది. రెండోది? గదే. పదోది? గదే. మనం ఎనభై మూడు చోట్ల ఊరి పేరును పిలిచినం, ఎనభై మూడు సార్లు మిషను తెల్వదన్నది. ఊరి పేరు అని ఒకటుంటది, గింత పొడుగుంటది అని ముందుగాల చెప్పే కార్డు ఒకటుండాలె. గది లేదు."

"మరి గది లేదని చెప్పొచ్చు గద అన్నా, గీ లొల్లంత ఎందుకు?" అంది మోతీ, జారిన కాగితాన్ని చేతుల్లోకి ఎత్తుకుంటూ.

"లేనిదాన్ని జూపుడు దానికి రాదు. ఎక్కడ కాలు తట్టుకున్నదో గంతే చెప్తది. అబద్ధం జెప్పదు, అసలు సంగతీ జెప్పదు. మనమే ఎనుకకు పోయి చూసుకోవాలె." ఆయన కట్ట విప్పి కార్డుల ఎడమ మూలన ఉన్న అంకెలు చూసుకుంటూ పోయాడు. మూడు వందల నలభై, యాభై, అరవై, ఎనభై. అక్కడ ఆగాడు. పది పది పెంచుకుంటూ అంకెలు వేస్తారు, అరవై తర్వాత డెబ్బై ఉండాలి. ఒక చీటీ మీద 370 అని రాసి మోతీ చేతికిచ్చాడు. "గిది బోయింది." "నేను కొట్టిన అన్నా. లెక్కబెట్టిన." "కొట్టినవు సరే, ఏడికి పోయింది మరి?" రాజమణి అప్పుడు పక్కనే ఉంది, టీ గ్లాసులు ఎత్తుతోంది, చీటీ మీద అంకె చూసింది. అక్షరాలు రాకముందు కూడా అంకెలు ఆమెకు వచ్చు, బస్సు నంబర్లు, గడియారం. మూడు, ఏడు, సున్న. చూసింది, మరిచిపోయింది. అట్లా అని ఆమె అనుకుంది.

నిన్న సాయంత్రం ఇంట్లో దీపం ముట్టించి పోయిన భర్త సంజీవ ఫొటో తుడుస్తుంటే గుర్తొచ్చింది. ఫొటో వెనుక ఒక కార్డు పెట్టుకుంది, పదిహేను రోజుల కిందట. తీసి తిప్పి చూసింది. వెనుక వైపు ఆమె రాసుకున్న పేరు, మొదటిసారి ఎవరి చెయ్యీ పట్టకుండా రాసింది, రా పెద్దగా, జ వంకరగా, మ బాగానే, ణి దగ్గర గుడి ఎక్కడ పెట్టాలో తెలియక రెండుసార్లు దిద్దింది. ముందు వైపు కొన్ని తూట్లు, ఎడమ మూలన సన్నటి అంకెలు. మూడు, ఏడు, సున్న. ఆమె కూర్చుండిపోయింది. పొయ్యి మీద అన్నం మాడిన వాసన వచ్చిందాకా కూర్చుంది. ఊరి పేరు ఉండాల్సిన కార్డు. మానుకోట దిక్కు ఊళ్ళు, గూడూరు తండాలు, భూపాలపల్లి అడవి పక్క పల్లెలు, వాటన్నిటినీ మిషను తెలియదు తెలియదు అని ఎనభై మూడు సార్లు అన్నది ఈ ఒక్క అట్టముక్క లేక. అది ఇక్కడుంది, ఆయన ఫొటో వెనుక, ఆమె పేరు మోసుకుని.

దొంగతనం చెయ్యలేదు. ఆ మాట నిన్నటి నుంచి వందసార్లు అనుకుంది, అనుకున్నకొద్దీ దొంగ మాటలాగే వినిపిస్తోంది. జరిగింది చిన్న సంగతి. ఆ రోజు కట్టను రేకు పెట్టెలో సర్దడం ఆమె పని, దారం పుటుక్కున తెగింది, పై కార్డులు కొన్ని జారి నేల మీద పడ్డాయి. ఏరి, సమంగా తట్టి, కొత్త దారం కట్టింది. ఒక కార్డు చెత్తబుట్ట దగ్గర పడి ఉంది. చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టి చూసింది. తూట్లు తక్కువ. ఎడమ పక్క కొన్ని ఉన్నాయి, తర్వాత అంతా నున్నగా ఉంది. అమ్మాయిల చెయ్యి తప్పితే సగంలో ఆపి ఆ కార్డును బుట్టలో వేస్తారు, అట్లాంటివాటికి ఇట్లాగే తూట్లు తక్కువ. తూట్లు ఎక్కువుంటే పనికొచ్చేది, తక్కువుంటే చెడిపోయింది. ఏడేళ్ళు గదులు ఊడ్చి ఊడ్చి ఆమె తనకు తాను నేర్చుకున్న చదువు అది. ఎవరూ చెప్పలేదు, ఎవరినీ అడగలేదు. అడిగితే నీకెందుకు అంటారేమోనని అడగలేదు. పొట్టిమాట కూడా ఒక మాటేనని, ఉన్నదాన్ని ఉన్నదని చెప్పడానికి నాలుగు తూట్లు చాలని ఆమెకేం తెలుసు. పైగా ఖాళీ ఎక్కువున్న కార్డంటే ఆమెకు ఆశ, వెనుక రాసుకుంటే కలం తూట్లలో దిగబడదు. రవికలో దోపుకుంది. ఆ ఆశే ఇప్పుడు నడుముకు గీసుకుంటోంది.

పదకొండుం పావు. లోపల పెద్దసారు దగ్గాడు. లేచి నీళ్ళిచ్చి వచ్చింది. గ్లాసు బల్ల మీద పెడుతూ ఆయన ముఖం చూసింది, ఆయన ఫైలు చూస్తున్నాడు. హన్మంతరావు సారు చెడ్డవాడు కాదు. కురవి దగ్గర పెద్ద సేద్యం ఉన్న ఇంటి మనిషి, ఎవరినీ అరే ఒరే అనడు. సంజీవ పోయినప్పుడు ఆయన నౌకరీ ఈమెకు ఇవ్వడానికి వరంగల్లు దాకా కాగితాలు పంపింది ఈయనే. ఇస్తూ ఒక మాట అన్నాడు, "నీకు చదువు రాదు గదా?" "రాదు సార్." "మంచిదే. నా గదికి చదువు రాని మనిషే కావాలె." ఆయన బల్ల మీద ఏ ఊరికి బోరు మంజూరైందో, ఏ ఊరి దరఖాస్తు పక్కన పెట్టారో అన్నీ ఉంటాయి, అంతకు ముందు ఆ గదిలో ఉన్న వేరే అటెండరు అవి చదివి సర్పంచులకు మోసేవాడట. అందుకని ఆమెను పెట్టుకున్నాడు. రాకపోవడమే ఆమె నౌకరీ. ఏడేళ్ళు ఆ కాగితాలను గడ్డిపరకల్లా చూసింది, ఎత్తింది, సర్దింది, ఒక్కటీ ఆమెతో మాట్లాడలేదు.

మరి ఎందుకు నేర్చుకుంది? ఎవరు నేర్చుకోమన్నారు? పోయినేడు బడి వెనుక రేకుల షెడ్డులో సాయంత్రం ఆడవాళ్ళకు చదువు చెబుతున్నారని కమలాదేవి టీచరు ఇంటింటికీ తిరిగింది. రాజమణి మొదట తలుపు వేసుకుంది. రెండో రోజు టీచరు గడపలో కూర్చుని, "అక్కా, నీకు రాదని నాకు తెలుసు, నాకు వంట రాదని నీకు తెల్వదు, ఇద్దరం సమానమే, రా" అంది. నవ్వొచ్చి పోయింది. ఆఫీసుకు తెలియకూడదని షెడ్డుకు వెనుక సందులోంచి పోయేది. పలక కొంటే ఇరుగుపొరుగు చూస్తారని కొనలేదు, బుట్టలోని చెడిపోయిన కార్డులు తెచ్చుకుంది, అవి పొయ్యి రాజేయడానికి తీసుకుపోవచ్చని ఆమెకు ముందే అనుమతి ఉంది. వందల కార్డుల వెనుక అ ఆ లు రాసి, మర్నాడు పొద్దున వాటితోనే పొయ్యి ముట్టించేది. రాసినవన్నీ బూడిద. పేరు రాసిన కార్డును మాత్రం కాల్చబుద్ధి కాలేదు. అన్నీ కాల్చిన మనిషివి, అదొక్కటి కూడా కాల్చి ఉంటే? కాల్చి ఉంటే ఇవాళ ఏమీ తెలియకుండా ఇదే స్టూలు మీద హాయిగా కూర్చునేది. ఆ ఆలోచన వచ్చినందుకు ఆమె తనను తాను చూసుకోలేక గోడ వైపు తిరిగింది.

గోడకు సున్నం పెచ్చులూడి ఉంది. సున్నం వాసన, సున్నం బకెట్టు, అరవై తొమ్మిది. అప్పుడామెకు ముప్పై రెండేళ్ళు. తెలంగాణ కావాలని బడులు మూతపడి పిల్లలంతా రోడ్ల మీదే ఉన్న కాలం. పొద్దుగూకే వేళ నలుగురు కాలేజీ పిల్లలు పొగాకు గోదాము గోడ మీద రాస్తున్నారు, ఇంట్లో మిగిలిన సున్నం బకెట్టు ఆమే తెచ్చి పట్టుకుంది. "ఏం రాస్తున్నరు బిడ్డా?" అంటే ఒకడు ఒక్కో మాట రాస్తూ ఒక్కో మాట ఆమెకు పైకి చదివి వినిపించాడు. ఆమెకు నచ్చింది. మళ్ళీ చదవమంది కూడా. ఇంతలో జీపు చప్పుడు. పిల్లలు సందులు పట్టారు, ఆమె బకెట్టుతో మిగిలింది. జవాను లాఠీతో గోడ చూపించి ఏం రాసి ఉందని అడిగాడు. "నాకు అక్షరం రాదు సారూ." నిజమే అది. వాడు ఆమె చేతుల సున్నం చూశాడు, ముఖం చూశాడు, పో అన్నాడు. అప్పుడే ఆఫీసు నుంచి సంజీవ వస్తున్నాడు సైకిలు మీద, జవాను ఆపాడు. "నీకొస్తదా?" "వస్తది." "చదువు." ఆయన సైకిలు స్టాండు వేసి, కండువా సర్దుకుని, గోడ మీద ఉన్నదంతా, ఒక్క మాట పోకుండా, బడిపిల్లాడు పాఠం అప్పజెప్పినట్టు నిలబడి చదివాడు. చదివినందుకు మోకాలి మీద కొట్టారు. ఆ మోకాలు తర్వాత మళ్ళీ సరిగా వంగలేదు. ఆమె ఆ రాత్రి పసుపూ సున్నమూ కలిపి పట్టువేసింది, అదే బకెట్టులో సున్నం. ఆయన ఆమె ముఖం చూసి, "నువ్వన్నది అబద్ధమేం కాదు గదా, ఎందుకేడుస్తవ్?" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. జవాను అడిగింది ఏం రాసి ఉందని. నీకు చదువొచ్చా అని అడగలేదు. ఏం రాసి ఉందో ఆమెకు తెలుసు. నాకు అక్షరం రాదు అనే ఆ ఒక్క మాట వెనుక ఆమె ఎంత వేగంగా దాక్కుందో ఆయనకు తెలియదు, ఏడేళ్ళు ఆ కుంటి కాలితో తిరిగి తెలియకుండానే పోయాడు. ఆయన పోయాక మళ్ళీ అదే మాట చెప్పి ఆయన నౌకరీ తీసుకుంది. రాదు సార్. రాదు.

పావు తక్కువ పన్నెండు. చెప్పులు లేని అడుగుల చప్పుడు. మోతీ నీళ్ళ కుండ దగ్గరికి వచ్చింది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి, చేతిలో నాలుగు మడతల కాగితం. గ్లాసు ముంచింది, తాగలేదు. "అవ్వా," అంది, పక్కన గోడకు ఆనుకుని. "రాత్రంత యాది జేసిన. గా కార్డు కొట్టినట్టే ఉన్నది, కొట్టనట్టే ఉన్నది. నా చెయ్యే తప్పింది కావచ్చు. లెక్క బెడుతుంటే ఊర్మిళక్క ఏదో అడిగింది, గప్పుడు ఒకటి ఎక్కువ లెక్కబెట్టిన్నేమో. మా తండ పేరు నేనే కొట్టిన అవ్వా, ఎన్ని దినాలకు మాకు బోరొస్తదని మా అవ్వ రోజు అడుగుతది. నా చేతుల్తోనే చెడగొట్టుకున్న. నా చెయ్యే తప్పిందంటవా?"

ఇప్పుడు. ఇప్పుడు చెప్పొచ్చు. కార్డు అంచు గీసుకుంది. ఆమె నోరు తెరిచింది. "నాకేం తెలుసు బిడ్డా," అంది. "నాకు అక్షరం రాదు."

అన్న తర్వాత ఆ మాట తన చెవుల్లోనే ఎంతోసేపు ఉంది. మోతీ తల ఊపింది, అవును పాపం నిన్నెందుకు అడుగుతున్నా అన్నట్టు ఊపింది, గ్లాసులో నీళ్ళు కుండ పక్కన పారబోసి హాల్లోకి పోయింది. చెయ్యనిది చేశానని నమ్ముకుంటున్న పిల్లను కళ్ళెదుట చూస్తూ ఆ మాట అనగలిగింది. పదిహేనేళ్ళ కింద భయం ఉంది, లాఠీ ఉంది, అందుకే అట్లా అన్నానని అనుకుంటూ వచ్చింది. ఇప్పుడేముంది? నీళ్ళ కుండ ఉంది, ఒక తండా పిల్ల ఉంది. లాఠీ లేకున్నా నోట్లోంచి అదే మాట వచ్చింది. మిషనే నయం, తెలియనిదాన్నే తెలియదంటుంది.

గంట మోగింది. లేచింది. హాలు గుమ్మం దాకా పోయింది. "మోతీ, సారు రమ్మంటున్నడు." మోతీ వెనుకే తనూ లోపలికి పోయింది, పొమ్మని ఎవరూ అనలేదు, రావద్దనీ అనలేదు. రాంచందర్ సారు ఒక పక్కన నిలబడి కిటికీలోంచి చూస్తున్నాడు. మోతీ కాగితం బల్ల మీద పెట్టింది. పెద్దసారు చదివి నిట్టూర్చాడు. "నువ్వే ఒప్పుకున్నవు కాబట్టి కఠినంగ రాయను. కాని పొడిగించుడు నా చేతుల లేదమ్మా." తర్వాత ఆమె వైపు చూశాడు. "రాజమణీ, సాక్షి కావాలె. ఇటు రా. కింద వేలిముద్ర వెయ్యి." ఊదారంగు సిరా పెట్టె మూత తీసి ముందుకు జరిపాడు. ఏడేళ్ళుగా జీతాల రిజిష్టరులో ఆ పెట్టెలోనే బొటనవేలు ముంచింది. ఆమె బల్ల దగ్గరికి వచ్చింది. కాగితం ఆమె వైపే తిరిగి ఉంది. మోతీ చేతిరాత గుండ్రంగా, తేటగా, ఒక్కో అక్షరం విడివిడిగా ఉంది. ఏడేళ్ళలో మొదటిసారి ఆ బల్ల మీది కాగితం ఆమెతో మాట్లాడింది. ఆమె వేలు సిరాలోకి పోలేదు, కాగితం మీదికి పోయింది, మొదటి అక్షరం కింద ఆగింది.

"నే... ను," అని పైకి చదివింది. "నేను... కార్డులు... సరిగ..." పెద్దసారు కుర్చీలో ముందుకు వంగాడు. "లెక్క... పెట్టక... అ... జా... గ్ర..." అక్కడ ఒత్తు మీద ఒత్తు, నాలుక మడతపడింది, చెమట కారి కంట్లో పడింది, మళ్ళీ మొదటి నుంచి పట్టుకుంది. "అజాగ్ర...త్తగా... ఉండి... ఒక కార్డు... పో... గొ... ట్టి... నాను." కండువా సర్దుకుని గోడ చదివిన మనిషి ఆమె పక్కన నిలబడ్డట్టే ఉంది. చివరిదాకా చదివింది. "తప్పు... నా...దే."

"నీకు చదువొస్తదా?" అన్నాడు పెద్దసారు.

"వస్తది సార్," అంది. "గిండ్ల రాసింది అబద్ధం." చీర మడతలోంచి కార్డు తీసి బల్ల మీద పెట్టింది, పేరున్న వైపు పైకి. చెమటకు కొంచెం తడిసి ఉంది. రాంచందర్ సారు దాన్ని తిప్పి అంకె చూశాడు, మళ్ళీ తిప్పి పేరు చూశాడు. ఆమె ఎట్లా తీసిందో, ఎందుకు తీసిందో, ఎప్పటి నుంచి తెలుసో మూడు ముక్కల్లో చెప్పింది. నిన్న సాయంత్రం నుంచి తెలుసని కూడా చెప్పింది. ఆ మాట మింగితే ఎవరికీ తెలిసేది కాదు.

మోతీ ఏడవలేదు. ఆమె వైపే చూసింది. "ఇందాక కుండ కాడ అడిగితిని గదవ్వా," అంది మెల్లగా. "గప్పుడన్న చెప్తే నేను గీ కాయితం సారు చేతుల పెట్టకపోతుంటి గద."

పెద్దసారు మోతీ కాగితాన్ని రెండుగా చింపాడు. మోతీ నౌకరీ నిలిచింది. రాజమణి మీద అరవలేదు, తెల్లకాగితం జరిపి, "నువ్వే రాసియ్యి. ఇగ వేలిముద్ర ఎందుకు?" అన్నాడు, అందులో కోపం కంటే ఇంకేదో ఎక్కువుంది. హాల్లో బెంచీ మీద కూర్చుని అయిదు వాక్యాలు రాయడానికి ఆమెకు రెండు గంటలు పట్టింది. మిషన్లు నాలుగూ మోగాయి ఆ రెండు గంటలు. చదువొచ్చిన మనిషి ఆ గదికి పనికిరాదు కాబట్టి నెల తిరక్కముందే ఆమెను భూపాలపల్లిలో బోరు గొట్టాల షెడ్డుకు మార్చారు. కార్డు మళ్ళీ కొట్టి పట్నం పంపారు, వంతు వచ్చేసరికి ఏప్రిల్ సగమైంది, జాబితా తప్పు లేకుండా వచ్చింది, గూడూరు తండాలు అందులో ముందే ఉన్నాయట. కాని బోరు బండి అప్పటికే పోయింది. వానలు పడ్డాక వచ్చింది. ఆ రెండు నెలలు గంగీ, ఆ తండా ఆడవాళ్ళూ వాగులో చెలిమెలు తోడుకుని తాగారు. అది ఎవరూ ఆమెను అనలేదు. ఏ జాబితాలోనూ రాలేదు. వెనుకకు పోయి చూసుకుంటే కనిపిస్తుంది, అంతే.

ఆ రోజు బెంచీ మీద రాసిన కాగితం చివర ఏం పెట్టాలో తెలియక మోతీని అడిగింది. మోతీ మిషను ఆపకుండానే, ఆమె వైపు చూడకుండానే, "పేరు, వయసు, ఉండే ఊరు" అంది. ఇక్కడా అట్లాగే పెడుతున్నాను.

బొల్లం రాజమణి, వయసు యాభై రెండు, ఉండేది భూపాలపల్లిలో, గొట్టాల షెడ్డు వెనుక గదిలో.